నవంబరులో కప్పతల్లి

వేకువ ప్రిపరేటరీ స్కూలు,
అనంతపురం,
14-10-2000.

గౌరవనీయులైన పుల్లన్న గారికి,

నమస్కారాలు. నా పేరు ప్రసూన. మీ మనవరాలు నందినికి ఆటపాటల టీచరును. మా బడి పని పిల్లల్ని గురుకులాల ప్రవేశ పరీక్షకు తయారుచేయడమని మీకు తెలుసు. పొద్దున లెక్కలు, మధ్యాహ్నం లెక్కలు, సాయంత్రం పొద్దున తప్పుచేసిన లెక్కలు. వీటి మధ్య వారానికి రెండు పీరియడ్లు నావి. పాట, ఆట, నాటకం నేర్పుతాను. ఆ రెండూ తీసేసి వాటిలో కూడా లెక్కలే పెట్టాలని మా కరస్పాండెంట్ ఓబిలేష్ గారి కోరిక. నవంబరు పద్నాలుగున జరిగే జిల్లా బడుల కళాపోటీలో ప్రైజు తెస్తే ఆలోచిస్తానన్నారు.

ఆ పోటీకి ఏం ఆడదామా అని తల పట్టుకుని కూర్చుంటే నందిని లేచి, మీ ఊరి కప్పతల్లి ఆట ఆడి చూపించింది. రోకలికి తడిగుడ్డలో కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు పిల్లలు భుజాన మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారట. ఇల్లాళ్ళు కప్ప మీద నీళ్ళు పోసి, చేటతో గింజలు ఇస్తారట. వాన కోసం ఆడే ఆటని చెప్పింది. మాది కాకినాడ. నేను పట్నంలో పుట్టి పెరిగినదాన్ని, ఇంత చక్కని ఆట ఎప్పుడూ చూడలేదు. మిగతా పిల్లలందరికీ నందినే నేర్పుతోంది. రోకలి ముందు కొస ఆమెది, వెనక కొస హర్ష అనే అబ్బాయిది. మీ అనుమతి కావాలి. వీలైతే పాత రోకలి ఒకటి పంపగలరు.

ఇట్లు,
ప్రసూన

తా.క. నందిని లెక్కల పీరియడ్లో కూడా గెంతుతోందని మాస్టారి ఫిర్యాదు. ఆమె జవాబులు అంతకంటే దూరం గెంతుతున్నాయట.


ఎర్రగుంటపల్లి,
శింగనమల మండలం,
19-10-2000.

టీచరమ్మ ప్రసూన గారికి,

పుల్లన్న నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమూ, మా ఎద్దులూ, శనక్కాయా అందరం క్షేమం. మీ ఉత్తరం అందింది. నా భార్య యశోదమ్మకు చదువు రాదు. నా చేత ఒకసారి చదివించుకుని, ఆ కాగితం చేత పట్టుకుని వీధి వీధంతా తిరిగి చదివి వినిపించింది. మీరు రాయని మాటలు కూడా చాలా చదివిందని తెలిసింది.

మా పిల్ల పదిమందికి నేర్పుతోందంటే నా కడుపు నిండింది. ఇక అసలు సంగతి. ఆ ఆట ఆపించండి. ఏమీ అనుకోవద్దు. ఇది చెట్లు పీకే కాలం. దీపావళి దాటితే ఊరి శనక్కాయంతా చేన్లలోనే పడి ఉంటుంది. ఇట్లాంటప్పుడు కప్పతల్లి ఏమిటి? చదువుకున్నవారు, మీకు నేను విడమరచి రాయాల్సిన పని లేదు. కోలాటం ఆడించండి, చెక్కభజన చేయించండి, మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
పుల్లన్న

తా.క. ఫోను చేద్దామంటే శింగనమల దాకా పోవాలి. పైగా సగం మాటకే లైను తెగుతుంది. ఉత్తరమైతే అవతలివాళ్ళు మధ్యలో అడ్డు రారు. రోకలి పంపడం లేదు.


అనంతపురం,
24-10-2000.

పుల్లన్న గారికి,

మీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సహించలేదు. చెట్లు పీకే కాలం కాబట్టి ఆట వద్దంటున్నారంటే, నందినిని చేను పనికి పిలిపించుకోబోతున్నారని నాకు అర్థమైంది. పదేళ్ళ పిల్ల కదండీ. బాలల దినోత్సవం నాడు దేశమంతా పిల్లలకు మిఠాయి పంచుతుంటే మీ పిల్ల ఎండలో నడుం వంచాలా? మీరే ఆలోచించండి.

కూలీలు దొరకకపోవడమే మీ కష్టమైతే దానికి దారి చెబుతాను. వచ్చే ఆదివారం మా ఆట పిల్లలందరినీ వెంటబెట్టుకుని నేనే వస్తాను. అందరం కలిసి మధ్యాహ్నానికల్లా మీ పని ముగిస్తాం. నందినిని మాత్రం పనికి పిలవకండి.

ఇట్లు,
ప్రసూన

తా.క. కాయల కోసం చెట్లనే పీకేయడం అన్యాయం కాదా? కాయలు మాత్రం కోసుకుంటే చెట్టు వచ్చే ఏడాది కూడా కాస్తుంది కదా. నిచ్చెనలు మీ దగ్గర ఉన్నాయా, మమ్మల్ని తెమ్మంటారా?


ఎర్రగుంటపల్లి,
28-10-2000.

ప్రసూన గారికి,

నేను మా మనవరాలి చేత ఇంతవరకు పీకించిన పని ఒక్కటే, నా తలలో తెల్ల వెంట్రుకలు. దానికి కూడా అది ముందే మిఠాయి తీసుకుంటుంది. ఒక్క పిల్లను పనినుంచి తప్పించడానికి బడి పిల్లలందరినీ పనికి తెస్తానన్నారు చూడండి, ఆ మాట విని మా పొరుగింటి గంగక్క నవ్వలేక అరుగు మీద పడిపోయింది.

శనక్కాయ భూమిలో కాస్తుందమ్మా. మోకాలంత మొక్క. మీరు నిచ్చెన వేస్తే పాతాళానికి వేయాలి.

మీకు విడమరచి చెప్పక తప్పదు. కప్పతల్లిని ఎత్తితే వాన వస్తుంది. అందుకే ఎత్తుతాం. ఈ ఏడు విత్తనం పడే ముందు ఎత్తినాము, వచ్చింది. వరసగా కరువు చూసిన చేన్లు ఇన్నేళ్ళకు పండినాయి. ఇప్పుడు పీకిన చెట్టు నేల మీద పడి ఎండాలి. ఎండేటప్పుడు వాన పడిందంటే కాయ నల్లబడి మొలకెత్తుతుంది. కాయ తీసినాక మిగిలే కట్టె కుళ్ళుతుంది, పశువులకు మేత పోతుంది. ఈ పంట కూడా పోతే మా ఊళ్ళో సగం మంది బెంగళూరు బస్సు ఎక్కుతారు. గంగక్క నవ్వు ఆపుకుని ఒక మాట అంది. "వాన రాకుంటే ఏడుస్తాం, వస్తే ఏడుస్తాం. మన బాధ ఆ టీచరమ్మకు యాడ తెలుస్తాది పుల్లన్నా?"

ఇట్లు,
పుల్లన్న

తా.క. మీ కాకినాడలో వాన పక్కింటి మనిషి. ఎప్పుడైనా వస్తుంది, పోతుంది. మాకు దూరపు చుట్టం. రమ్మని పిలిచి, వచ్చినాక ఇప్పుడు వద్దు పొమ్మంటే ఊరుకోదు.


అనంతపురం,
1-11-2000.

పుల్లన్న గారికి,

నన్ను క్షమించాలి. అనంతపురం జిల్లాలో వాన వస్తుందేమోనని భయపడే మనుషులుంటారని నాకెలా తడుతుంది? శనక్కాయ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకండి. ఇక్కడ ఇప్పటికే తెలిసిపోయింది. లెక్కల మాస్టారు నేను కనబడితే చాలు, నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు ఆడిస్తున్నారు.

ఆట మార్చే దారి లేదు. పేరు ఇచ్చేశాం. పిల్లలు ఇంకో ఆట నేర్చుకునే వ్యవధి లేదు. మానుకుంటే నా పీరియడ్లు పోతాయి, వాటితో నా ఉద్యోగమూ పోతుంది. ఓబిలేష్ గారికి మీ ఉత్తరం చూపించాను. ఆయనకు కూడా గార్లదిన్నె దగ్గర శనక్కాయ చేను ఉంది కదా, అర్థం చేసుకుంటారనుకున్నాను. నవ్వి, "కంప్యూటర్లు వచ్చినాయి, ఇంగా కప్పలేందమ్మా" అన్నారు.

మీ కోసం కొన్ని మార్పులు చేస్తాను. నిజం కప్పకు బదులు కాగితం కప్ప. నీళ్ళకు బదులు జిలుగు కాగితం ముక్కలు. పైగా ఆడేది అనంతపురంలో, మీ ఊరు అంత దూరంలో ఉంది. ఇక భయం దేనికి?

ఇట్లు,
ప్రసూన

తా.క. నిజం కప్ప కోసం పిల్లలు పట్నమంతా వెతికారు. ఒక్కటీ దొరకలేదు. మీ కంటే ముందే అవి బెంగళూరు బస్సు ఎక్కేసినట్టున్నాయి.


ఎర్రగుంటపల్లి,
5-11-2000.

ప్రసూన గారికి,

మీ ఉత్తరం మీద పాల కేంద్రం ముందు పంచాయితీ జరిగింది. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు పాలు పోయకుండా నిలబడి మాట్లాడినారు. సగం పాలు విరిగిపోయినాయి, అది కూడా మీ ఖాతాలోనే వేసుకోండి.

అనంతపురం దూరమన్నారు. దానికి మా యేసన్న, "వానకు బస్సు టికెట్టు యాడన్నా అడిగినార్రా?" అని అడిగినాడు. కాగితం కప్ప అన్నారు. దానికి మారెక్క లేచింది. ఒక ఏడు కప్ప దొరక్క మట్టితో చేసి ఎత్తితే, కురిసిన వానకు ఆమె ఇంటి గోడ పడిపోయింది. మట్టికప్పకే అంత వానైతే కాగితం కప్పకు ఇంకెంత రావాలని ఆమె ప్రశ్న.

చివరకు అందరం కలిసి ఒక మాట మీదికి వచ్చినాము. ఎత్తితే వాన వస్తుంది గనుక, తిరగేస్తే పోవాలి. మీరు ఆటను చివరినుంచి మొదటికి ఆడించండి. ముందు పిల్లలు గింజలు వాపసు ఇచ్చేయాలి. తరువాత కప్ప మీది నీళ్ళు తిరిగి బిందెలోకి పోవాలి. అది ఎట్లాగో మాకు తెలియదు, చదువుకున్నవారు మీరే చూసుకోవాలి. పిల్లలు వెనక్కి నడుచుకుంటూ ఇంటికి పోవాలి. ఇందుకు ఒప్పుకుంటే మీ పోటీకీ అడ్డులేదు, మా కాయకూ ముప్పులేదు.

ఇట్లు,
ఊరందరి తరఫున
పుల్లన్న

తా.క. ఈ తీర్మానానికి యశోదమ్మ ఒప్పుకోలేదు. ఆమె పేరు తీర్మానంలోంచి తీసేసినాము. ఆమె నాకు అన్నం పెట్టడం తీసేసింది.


అనంతపురం,
8-11-2000.

పుల్లన్న గారికి,

మీ మాట ప్రకారం వెనక్కి ఆడించాను. హర్ష వెనక్కి నడుస్తూ నీళ్ళ తొట్టిలో పడ్డాడు. వాడిని తీయబోయి ఇద్దరు పడ్డారు. పాట చివరి చరణం నుంచి అందుకోమంటే ఒక్కొక్కరు ఒక్కో చోట అందుకున్నారు. అటుగా వెళుతున్న ఓబిలేష్ గారు కాసేపు చూసి, ఈ ఆటలో ఏదో కొత్త పద్ధతి ఉంది, తనకు తలనొప్పి వచ్చింది, కాబట్టి గొప్పదే అయ్యుంటుందన్నారు.

ఇదంతా నవ్వుకునేదాన్నే. నిన్న మాత్రం నవ్వలేకపోయాను. ఆట మధ్యలో నందిని రోకలి దించేసి గోడవైపు తిరిగి కూర్చుంది. చాలాసేపు బతిమాలితే చెప్పింది.

"లెక్కల్లో నేను యాడుంటానో అందరికీ తెలుసు టీచర్. ఈ ఆటలో ముందుండా. మా తాత వస్తే నన్నే ముందు చూస్తాడనుకుంటి. ఆయన నన్ను ఎనక్కి నడిపిస్తాండాడు."

పుల్లన్న గారూ, మీ పంట ముందు నా ఉద్యోగం గొప్పది కాదు. మీరు వద్దంటే పోటీ నుంచి పేరు తీసేస్తాను, ఎవరినీ నిందించను. కానీ ఆ మాట నందినికి మీ చేతితో మీరే రాయండి. నేను చెప్పలేను.

ఇట్లు,
ప్రసూన

తా.క. హర్షకు జలుబు చేసింది. తుమ్ము కూడా వెనక్కే తుమ్మాలా అని అడుగుతున్నాడు.


ఎర్రగుంటపల్లి,
11-11-2000.

అమ్మా ప్రసూనా,

మీ ఉత్తరం నేను అరుగు మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ చదివినాను. యశోదమ్మ ఏమైందని అడిగింది. చదివి వినిపించినాను. ఆమె రోకలి తెచ్చి నా పక్కన ఆనించి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

పాల కేంద్రం దగ్గరికి పోయి అందరి ముందు మళ్ళీ చదివినాను. మొదట యేసన్న లేచినాడు. "వాన వస్తాదని భయం గదా. వచ్చేలోపల కాయ ఎత్తేస్తే సరిపాయె" అన్నాడు. ఇంత చిన్న మాట ఇన్ని ఉత్తరాలయ్యేదాకా మాకెవరికీ తట్టలేదు. ఏటా ఎవరి చేను వాళ్ళు, ఎవరి తీరిక వాళ్ళది. ఈసారి ఊరంతా కలిసి ఒకరి చేన్లో ఒకరు దిగినాము. గట్టు తగాదాతో మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే బండికి చెరొక వైపు పట్టినారు. బండి నడిచినంతసేపూ ఒకరి మీద ఒకరు బండికే చెప్పుకున్నారు. ఎండిన కాయ ఇళ్ళకు చేరింది. ఎండని కాయ మిద్దెల మీద ఆరబోసి, పక్కనే వానకు కప్పే పట్టాలు పెట్టుకున్నాము. కట్టె వాములు వేసి కప్పుతున్నాము. పద్నాలుగు పొద్దుటికి చేన్లలో ఒక్క చెట్టు ఉండదు.

నందినిని ముందుకే నడిపించమ్మా. నీళ్ళు నీళ్ళలాగే పోయించు. మేము ట్రాక్టరులో వస్తున్నాము.

ఇట్లు,
పుల్లన్న

తా.క. రోకలి నేనే తెస్తున్నాను. మా యశోదమ్మది. పెళ్ళయిన నాటినుంచి ఆమె దాన్ని నా మీద ఎత్తడమే చూసినాను. ఒకసారైనా మంచి పనికి ఎత్తితే చూడాలని ఉంది.


అనంతపురం,
17-11-2000.

పెద్దాయన పుల్లన్న గారికి,

పాదాభివందనాలు. ప్రైజులు చెప్పకముందే మీరంతా ట్రాక్టరు ఎక్కేశారు. మనకు మొదటి బహుమతి వచ్చింది.

పిల్లలు కప్పతల్లిని మోసుకుని వేదిక దాకా రాగానే మీ ఊరి ఆడవాళ్ళు ఉండలేకపోయారు కదా. ఇంటి ముందుకు వచ్చిన కప్పతల్లిని ఊరికే పంపకూడదని గంగక్క లేచింది. ఆమె వెనకే అందరూ తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ బిందెలు తీసుకుని మెట్లెక్కి కప్ప మీద పోసేశారు. కొంగుల్లోని కొత్త శనక్కాయలు పిల్లల చేటల్లో పోశారు. పోటీ నుంచి తీసేస్తారనుకున్నాను. న్యాయనిర్ణేతలేమో ప్రేక్షకులను కూడా ఆటలో కలిపిన తీరు అద్భుతమన్నారు. మీ గంగక్క గారి వేషం అచ్చం పల్లెటూరి ఆమెలాగే కుదిరిందని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

చుక్క వాన కూడా పడలేదు, గమనించారా? ఈ మూడు రోజులూ ఆకాశం తుడిచిన పలకలా ఉంది. నేను చెబితే విన్నారు కాదు.

ఇక నా సంగతి. ప్రైజు తెస్తే ఆలోచిస్తానని ఓబిలేష్ గారు మాటిచ్చారు కదా. మాట తప్పలేదు. కప్పు చేతికిచ్చి అడిగితే, "ఆలోచించినానమ్మా, లెక్కలే" అన్నారు. జనవరి నుంచి నా పీరియడ్లు లేవు. సంక్రాంతి లోపు కాకినాడ వెళ్ళిపోతాను. బాధ లేదనను. కానీ నందిని ముందు కొస పట్టుకుని నడవడం చూశాను, అది నాతో వస్తుంది.

ఇట్లు,
మీ కూతురులాంటి
ప్రసూన

తా.క. మీరు ముందు వరుసలో బెంచీ ఎక్కి నిలబడి ఈల వేసినందువల్ల వెనక ఉన్నవాళ్ళకు ఆట కనబడలేదట. వాళ్ళు మీకే మార్కులు వేశారు.


ఎర్రగుంటపల్లి,
27-11-2000.

అమ్మా ప్రసూనా,

ఈ ఉత్తరం చదవడానికి కూర్చో. నిలబడి చదివేది కాదు.

మేము తిరిగి వచ్చినాక వాన రాలేదు. ఊరికి అది అవమానమైంది. రావద్దని దండాలు పెట్టినవాళ్ళే నా ఇంటి మీదికి వచ్చి, మన కప్పతల్లి విలువ తీసినావు, ఆ కాకినాడ ఆమె చేతిలో ఆట పాడైపోయిందని తిట్టినారు. కాయంతా ఇళ్ళలో భద్రంగా పెట్టుకుని, వాన రాలేదని నన్ను తిట్టినారు. నీ ఉత్తరంలోని పలక మాట నేను ఎవరికీ చదవలేదు.

ఇరవైయో తేదీ మబ్బు పట్టింది. ఆ సాయంత్రం మొదలైంది చూడు, మూడు రోజులు వదలలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనమని రేడియోలో చెప్పినారు. యేసన్న రేడియోను అడిగినాడు, "ఆ పీడనాన్ని పిలిచిందెవురప్పా?" అని. చుట్టుపక్కల ఊళ్ళలో కాయంతా చేన్లలోనే నానింది. మా ఒక్క ఊరి కాయ గలగలమంటూ ఇళ్ళలో ఉంది. సంతోషపడదామంటే వాళ్ళ మొహాలు చూడలేకపోయినాము. మేత కుళ్ళినవాళ్ళకు మా వాముల్లోంచి తలా ఒక బండి కట్టె పంపినాము.

నిన్న మీ ఓబిలేష్ గారు జీపులో వచ్చినారు. మోకాళ్ళ దాకా బురద. పోటీ నాడే నేను ఆయనతో, "సార్, గార్లదిన్నెలో మీ శనక్కాయ ఇంగా చేన్లోనే ఉండాది, ఎత్తించండి" అన్నాను. అప్పుడు నవ్వినారు. ఇప్పుడు నా అరుగు మీద కూర్చుని, యశోదమ్మ వేయించిన కాయలు ఒక్కొక్కటే వలిచినారు. తరువాత అడిగినారు.

"పుల్లన్నా, మా బళ్ళో ఆ టీచరమ్మ ఎప్పుడేం ఆడిస్తాదో నాకు ముందే ఒక కార్డు రాస్తావా?"

"బడి మీదే గదా సార్" అన్నాను.

"నాదే. ఆ యమ్మను నేను పొమ్మంటి. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడిగేది? ఆ యమ్మ కోపంతో కాకినాడ పోయిందంటే రేపు జూన్‌లో మనకు వానను పిలిచేదెవురు?"

అందుకని నీ పీరియడ్లు తీయడం లేదు. వారానికి మూడు చేసినారు. మూడోది లెక్కల్లోంచి కోసినారు. ఆ మాట నీకు చెప్పడానికి మొహం చెల్లక నన్ను రాయమన్నారు. నువ్వు ఎక్కడికీ పోవడం లేదు.

ఇంకొక్క మాట. ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళో నెరిసినాను. నన్ను ఇన్నాళ్ళు అందరూ పుల్లన్న అనే పిలిచినారు. మొన్న సంతలో పక్క ఊరి రైతు ఒకడు నన్ను చూపించి పక్కవాడికి చెబుతుంటే విన్నాను. పేరు చెప్పలేదు. ఆ మాట వింటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగినాయమ్మా, దాచుకోవడం నాకు చేతకాలేదు. అప్పటినుంచి అదే సంతకం పెడుతున్నాను.

ఇట్లు,
నందిని వాళ్ళ తాత

తా.క. జూన్ మొదటి వారానికి ఇప్పటినుంచే ఊళ్ళు పోటీపడి నిన్ను అడుగుతున్నాయి. నన్ను అడిగితే ముందు మా ఊరే అని చెప్పినాను. వచ్చేటప్పుడు గొడుగు తెచ్చుకో. నువ్వు నమ్మవని నాకు తెలుసు, అయినా తెచ్చుకో.